సన్మానానికి అడ్డొచ్చిన పందెం

భానుప్రకాశ్, శశిభూషణ్ ఒకే కారులోంచి దిగడం చూసి పద్మశ్రీ ముందు తన కళ్ళను నమ్మలేదు. యూనివర్సిటీ ఈతకొలను గట్టు మీద తల తుడుచుకుంటున్నదల్లా తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మూడేళ్ల కిందట ఒకరి పేరు చెబితే ఇంకొకరు ఉమ్మేసేవాళ్ళు. దోపిడీదారంటూ శశిభూషణ్ దిష్టిబొమ్మను తార్నాక చౌరస్తాలో తగలబెట్టించింది భానుప్రకాశే. చదువూ సంధ్యా లేని రౌడీ మూక అంటూ భానుప్రకాశ్ గురించి టీవీలో మాట్లాడింది శశిభూషణే. ఇప్పుడు పార్లమెంటులో బిల్లు పాసైంది, తెలంగాణ రాష్ట్రం వచ్చేస్తోంది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని గట్టు మీదికి నడిచొస్తున్నారు. సిగ్గూ శరమూ అన్న మాటలు వీళ్ళ కోసం పుట్టినవి కావు కాబోలు అనుకుంది ఆమె.

"చెల్లె, మంచిగున్నవా?" అన్నాడు భానుప్రకాశ్. విద్యార్థి నాయకుడు. ఏళ్ల తరబడి పీహెచ్‌డీ చేస్తూనే ఉన్నాడు. ఆ పరిశోధన దేని మీదో ఆయన గైడుకు కూడా గుర్తుండి ఉండదు. ఇస్త్రీ మడత చెదరని తెల్లచొక్కా, చేతిలో రెండు ఫోన్లు.

"ఏమ్మా, ఫిట్‌గానే ఉన్నావుగా?" అన్నాడు శశిభూషణ్. కృష్ణా జిల్లా నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డ మనిషి, రాష్ట్ర ట్రయాథ్లాన్ సంఘానికి కార్యదర్శి. ఎప్పటినుంచి అంటే, ఆ సంఘం పుట్టినప్పటినుంచీ. బకెట్లో నీళ్ళు చూసినా రెండడుగులు వెనక్కి వేసే ఈయన ఈతా, సైకిలూ, పరుగూ కలిసిన ఆటకు పెద్దదిక్కు ఎలా అయ్యాడో ఆ దేవుడికే తెలియాలి.

వచ్చిన పని ఏమిటంటే, కొత్త రాష్ట్రానికి కొత్త సంఘం పెట్టారు. అధ్యక్షుడు భానుప్రకాశ్, కార్యదర్శి మళ్ళీ శశిభూషణే. "హైదరాబాద్ నా ఊరమ్మా, నేనెక్కడికి పోతాను?" అన్నాడాయన నవ్వుతూ. జాతీయ పోటీలకు కొత్త రాష్ట్రం పేరుతో జట్టును పంపుకోవచ్చని పైవాళ్ళు ఒప్పుకున్నారట. అక్కడ గెలిచినవాళ్ళకు ఏషియాడ్, అక్కణ్ణుంచి ఒలింపిక్స్ దారి.

"ఫస్టు పేరు నీదే చెల్లె," అన్నాడు భానుప్రకాశ్. "నీ పేరు లేకుంట మనకు జట్టేంది? కానీ ఆదివారం ఆడిటోరియంల నీకు సన్మానం పెట్టినం. జర గాడ ఒక్క మాట చెప్పాలె."

"ఏం మాట అన్నా?"

"గప్పుడు మౌలాలిల రైలు దిగింది నీ ఇష్టంతోనే అని. ఉద్యమం కోసం పందెం ఇడిసిపెట్టిన అని. గంతే. పేపర్ల ఎవడో రాసిండు, భానుప్రకాశ్ వల్లనే ఛాంపియన్ బతుకు ఖరాబైందని. ఎలక్షన్లు నెత్తి మీదున్నయ్. టికెట్ ఇచ్చేటోళ్ళు అన్నీ చూస్తరు గదా."

పద్మశ్రీకి అనడానికి చాలా ఉంది. కానీ ఆమెకు ఇరవై ఏడు నిండాయి. ఈ ఆటలో ఈ వయసు దాటాక మళ్ళీ పిలుపు వస్తుందని ఆశపడేది పిచ్చివాళ్ళే. ఈసారి పేరు వెళ్ళకపోతే ఇక అంతే సంగతులు. అది ఆమెకు తెలుసు, ఎదురుగా నిలబడి పళ్ళికిలిస్తున్న ఇద్దరికీ తెలుసు.

"సోంచాయించి చెప్త," అంది.

"సోంచాయించేదేముందమ్మా? కార్డులు అచ్చుకెళ్ళిపోయాయి," అన్నాడు శశిభూషణ్. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఈ ఆట ఆషామాషీ ఆట కాదు. కిలోమీటరున్నర ఈదాలి. ఒళ్ళు తుడుచుకునే తీరిక లేకుండా సైకిలెక్కి నలభై కిలోమీటర్లు తొక్కాలి. దిగీ దిగగానే పది కిలోమీటర్లు పరిగెత్తాలి. మధ్యలో బూట్ల తాడు కట్టుకుంటున్నా గడియారం ఆగదు. ఇంత కష్టపడి గెలిచినదాన్ని పట్టుకుని ఊళ్ళో వాళ్ళు, "మూడిట్ల ఏదో ఒకటి మంచిగ నేర్చుకోరాదు బిడ్డా?" అనేవాళ్ళు. వాళ్ళనేం అంటాం, పాపం!

పద్మశ్రీది జనగామ దగ్గర పల్లె. తండ్రి సమ్మయ్య నడుముకు ఎండు సొరబుర్ర కట్టి వ్యవసాయ బావిలోకి తోసేస్తే ఈత వచ్చింది. హైస్కూలు పక్క ఊళ్ళో ఉంటే అన్న వదిలేసిన డొక్కు సైకిలు మీద తొక్కడం వచ్చింది. ఆ సైకిలు గొలుసు ఊడినప్పుడల్లా బడి గంటకు పరిగెత్తడం వచ్చింది. వ్యాయామవిద్య చదవడానికి యూనివర్సిటీకి వచ్చేసరికి మూడూ వచ్చు గానీ, మూడింటికీ కలిపి ఒక ఆట ఉందని తెలియదు. ఆ సంగతి చెప్పింది అచ్యుతరామయ్య.

ఆయన రైల్వేలో ఈత నేర్పి రిటైరైన మనిషి. దివిసీమ కాలవల్లో పుట్టి పెరిగి, తార్నాకలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. పొద్దున్నే కొలనుకొచ్చి ఈదేవాళ్ళందరినీ ఉచితంగా తిట్టిపోవడం ఆయన అలవాటు. మొదటి రోజు పద్మశ్రీని చూసి గట్టు మీంచి అరిచాడు.

"ఏవమ్మాయ్! నువ్వు ఈదుతున్నావా, గానుగ తిరుగుతున్నావా?"

నిజమే. బావి గుండ్రం. అందులో నేర్చిన ఈతకు తిన్నగా పోవడం తెలియదు. ప్రతి నాలుగు బారలకూ ఆమె ఒళ్ళు దానంతటదే ఎడమకు తిరిగిపోయేది. ఆ వంకర తీయడానికి ఆయనకు ఏడాది పట్టింది. తిట్టని రోజు లేదు. తిట్టాక ఇంటికి తీసుకుపోయి భార్య వెంకటరమణమ్మ చేత అన్నం పెట్టించని రోజూ లేదు. "ఆ పిల్ల ఎముకలు చూడండి, మీ తిట్లకే సగం కరిగిపోయింది," అని ఆవిడ సున్నుండలు చేతిలో పెట్టేది. మూడో ఏటికి పద్మశ్రీ రాష్ట్రంలో ఛాంపియన్. ఆ పైయేడు దక్షిణాదిలో ఛాంపియన్. దేశంలో ఆమె కంటే ముందు వచ్చేవాళ్ళు ఇద్దరే ఉన్నారు, వాళ్ళలో ఒకావిడ పెళ్ళి చేసుకుని మానేసింది.

సరిగ్గా అప్పుడే ఉద్యమం మళ్ళీ అంటుకుంది. ఇక చూడండి తమాషా! తార్నాకలో అచ్యుతరామయ్య ఇరుగుపొరుగులు ఆయన్ని నిలబెట్టి అడిగారు, "మనల్ని పొమ్మనేవాళ్ళ పిల్లకి మీరు నేర్పించడమేంటండీ?" అని. "మీవాణ్ణి తెల్లారుజామున లేపి పంపండి, వాడికీ నేర్పుతాను. బారెడు పొద్దెక్కినా ముసుగు తన్ని పడుకునేవాడిది ఏ ప్రాంతమైతే నాకేం?" అన్నాడాయన. ఇటు హాస్టల్లో పిల్లలు పద్మశ్రీని అడిగారు, "ఆంధ్రోని దగ్గర నేర్చుకునుడేందే?" అని. "మరి నువ్వు నేర్పుతవా? నీకు ఈతొస్తదా?" అంది ఆమె. ఆ ఇద్దరూ ఒకరికొకరు తగ్గ గురుశిష్యులు.

అలాగని ఆమెకు ఉద్యమం పట్టలేదనుకుంటే పొరపాటు. సమ్మయ్య బోరు మీద బోరు వేసి, నీళ్ళు పడక, ఈత నేర్పిన ఆ బావి కూడా ఎండిపోయి కూర్చున్నాడు. రాష్ట్రం వస్తే నీళ్ళొస్తాయని ఆయన నమ్మాడు. తండ్రి నమ్మకమే కూతురి నమ్మకం. ఆర్ట్స్ కాలేజీ ముందు సభ జరిగితే ఆమె గొంతు అందరికంటే ముందు బొంగురుపోయేది. టియర్‌గ్యాస్ పీల్చి మర్నాడు కొలనులో దగ్గుతుంటే అచ్యుతరామయ్య, "ఊపిరితిత్తులు నావి కూడానే, కాస్త అడిగి తగలబెట్టుకో," అని కసిరేవాడు. ఒక్క విషయం మాత్రం ఆమె ఎవరితోనూ అనలేదు. బంద్ అంటే ఆమెకు పండుగ. బస్సులుండవు, ఆటోలుండవు. తార్నాక నుంచి హబ్సిగూడ, ఉప్పల్ మీదుగా ఘట్‌కేసర్ దాకా రోడ్డంతా ఖాళీ. ప్రపంచంలో ఏ ఛాంపియన్‌కీ దొరకని రోడ్డు. పొద్దున ఆ రోడ్డు మీద సైకిలు తొక్కి, మధ్యాహ్నం అదే రోడ్డు మీద ర్యాలీలో నడిచేది. ఉద్యమం తన కాళ్ళకు కూడా మేలే చేస్తోందని లోలోపల నవ్వుకునేది.

ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. రెండువేల పదకొండులో చెన్నైలో జాతీయ పోటీలు వచ్చాయి. గెలిచినవాళ్ళకు ఆసియా పోటీలు, అక్కడ నెగ్గితే లండన్ ఒలింపిక్స్. టికెట్లు తీయాల్సింది సంఘం. శశిభూషణ్ తనకు విమానం టికెట్టు తీసుకుని, పద్మశ్రీకి పోటీ ముందు రోజు రైలు టికెట్టు తీశాడు. సరిగ్గా ఆ రోజే రైల్ రోకో అని ఊరూవాడా గోడల మీద రాసి ఉంది. అచ్యుతరామయ్య వెళ్ళి మొత్తుకున్నాడు. "ఇవన్నీ పేపర్లో రోకోలేనండీ, రైలు ఆగదు," అన్నాడు శశిభూషణ్. విమానంలో పోయేవాడికి ఏ రైలు ఆగితే ఏం!

రైలు మౌలాలిలోనే ఆగింది. క్యాంపస్ నుంచి కూతవేటు దూరం. పట్టాల మీద వంటావార్పు. ఇంజిను ఎదురుగా పొయ్యి పెట్టి పులిహోర కలుపుతున్నారు. ఒక పక్క కబడ్డీ, ఇంకో పక్క డప్పులు. కూర్చున్నవాళ్ళందరూ ఆమెకు తెలిసినవాళ్ళే. మొన్నటిదాకా భుజాల మీద ఎత్తుకుని "మా బిడ్డ, మా బిడ్డ" అని తిప్పినవాళ్ళే. మధ్యలో భానుప్రకాశ్.

పద్మశ్రీ రైలు దిగి పరుగున వెళ్ళింది. "అన్నా, రేపు పొద్దుగాల నా పందెం. ఈ ఒక్క రైలు ఇడువుండ్రి. నీ కాళ్ళు మొక్కుత," అంది. అనడమే కాదు, నిజంగానే వంగి కాళ్ళు పట్టుకుంది.

"అరె, లే చెల్లె, ఏంది గిది! ముందుగాల కూసో. రెండు ముద్దలు తిను, మాట్లాడుకుందాం."

కూర్చుంటే వింటాడేమోనని కూర్చుంది. అదే ఆమె చేసిన తప్పు. విస్తరాకు చేతిలో పడిందో లేదో కెమెరాలు ముసురుకున్నాయి. భానుప్రకాశ్ గొంతు సవరించుకున్నాడు. "మా చెల్లె పద్మశ్రీ! ఒలింపిక్స్‌కు పోవలసిన బిడ్డ! తెలంగాణ కోసం పందెం ఇడిసిపెట్టి పట్టాల మీద కూసున్నది!"

"నేను ఇడిసిపెట్టలే!" అని ఆమె లేచి అరిచింది. డప్పులు మోగాయి, జై తెలంగాణ అన్నారు, ఆమె అరుపు కూడా నినాదంలోనే కలిసిపోయింది. టీవీలో చూసినవాళ్ళకు ఆమె పిడికిలెత్తి అరవడం కనిపించింది. ఏమరిచిందో ఎవడికి కావాలి? ఎద్దు పుండు కాకికి ముద్దా!

సాయంత్రానికి అచ్యుతరామయ్య పాత స్నేహితుడి కారు అడుక్కుని వచ్చాడు. లగేజీ పెట్టెలోంచి సైకిలు దింపించి కారు మీద కట్టి, బూతులు తిడుతూ దారంతా తానే నడిపాడు. తెల్లారేసరికి చెన్నైలో సముద్రపు ఒడ్డున ఉన్నారు. ఇంకా పోటీ మొదలవలేదు. పద్మశ్రీ ఏడుపూ నవ్వూ కలిసిపోయి, బట్టలు మార్చుకోవడానికి పరిగెత్తింది. అక్కడున్న అధికారి ఆమె పేరు చూసి, మీ రాష్ట్ర కార్యదర్శి రాత్రే మిమ్మల్ని పోటీ నుంచి తప్పించారు అన్నాడు.

శశిభూషణ్ అక్కడే నిలబడి కాఫీ తాగుతున్నాడు.

"టీవీలో దేశమంతా చూసిందిగా అమ్మా. పోటీ వదిలేశానని నువ్వే ప్రకటించావు. నేను రాసిచ్చేశాను."

"నేను చెప్పలే సార్! నన్నొక్క మాట అడుగకపోతిరి!"

"ఫోన్ కలవలేదు."

"నా ఫోను మోగనే లేదు సార్!"

"అదేనమ్మా, కలవలేదు," అన్నాడు ఆయన, కప్పు అడుగున ఉన్న పంచదార కలుపుకుంటూ.

అచ్యుతరామయ్య ఆయన చొక్కా పట్టుకోబోతే నలుగురు విడదీశారు. పద్మశ్రీ తాడు ఇవతల నిలబడి చూసింది. ఆడపిల్లలు నీళ్ళలోకి దూకారు, సైకిళ్ళెక్కారు, పరిగెత్తారు. గెలిచిన అమ్మాయి ఎంతసేపట్లో ముగించిందో మైకులో చెప్పారు. ఒంట్లో బాగులేని రోజున కూడా పద్మశ్రీ అంతకంటే ముందే ముగించేది. అది విన్నాక ఆమె అక్కడే ఇసుకలో కూర్చుండిపోయింది.

తిరిగొచ్చేసరికి క్యాంపస్ గేటు దగ్గర నిలువెత్తు ఫ్లెక్సీ. "ఉద్యమానికి ఒలింపిక్స్‌ను అర్పించిన వీరవనిత." చించేద్దామని చెయ్యెత్తింది. సరిగ్గా ఆ వారంలోనే ఆమె జిల్లా పిల్లవాడొకడు రాష్ట్రం రాదేమోనన్న బెంగతో ప్రాణం తీసుకున్నాడు. వాళ్ళమ్మ గుండెలు బాదుకోవడం పద్మశ్రీ కళ్ళారా చూసింది. ఆ తల్లి ముందు నిలబడి నా పందెం పోయిందని ఏ నోటితో అంటుంది? ఎత్తిన చెయ్యి దించేసింది. నోరు మూసుకుంది. ఆమె నోరు మూసుకోవడం చూసి సన్మానాలు వెల్లువెత్తాయి. పిలిచినవాళ్ళకల్లా తల వంచి శాలువా కప్పించుకుంది. పైయేడు మోకాలు దెబ్బతింది. ఆ పైయేడు సంఘంలో రెండు వర్గాలు కొట్టుకుని జట్టే పంపలేదు. అలా మూడేళ్ళు శాలువాల కిందే గడిచిపోయాయి.

ఇప్పుడు ఆ అబద్ధాన్ని ఆమె సొంత నోటితో చెప్పాలట.

ఆ సాయంత్రం తార్నాకలో అచ్యుతరామయ్య ఇంటికి వెళ్ళి సంగతంతా చెప్పింది. ఆయనకు ఏడాది కిందట పక్షవాతం తగిలి ఎడమచెయ్యి సరిగా లేవదు. నోరు మాత్రం లేస్తుంది. ఇద్దరినీ వాళ్ళ తాతముత్తాతలతో సహా కడిగేస్తాడని ఎదురుచూసింది. ఆయన లేవని చేతిని రెండో చేత్తో ఒళ్ళోకి లాక్కున్నాడు.

"చెప్పెయ్," అన్నాడు చివరికి.

"ఏంది సార్?"

"చెప్పెయ్యవే. వాళ్ళు అడిగిన ముక్క వాళ్ళ మొహాన కొట్టు. రెండు నిమిషాల అబద్ధం. ఆ తర్వాత రెండు గంటలు నీళ్ళలో, రోడ్డు మీద నువ్వేంటో నిజం చెప్పు. నా కళ్ళు ఉండగా ఒక్కసారి చూసి పోతాను."

"మీరేనా సార్ ఈ మాటంటున్నది?"

"నేనే. పెద్దవాణ్ణయిపోయాను. పౌరుషానికి ఓపిక లేదు."

వెంకటరమణమ్మ పెరుగన్నం కంచం తెచ్చి ముందు పెట్టి, "ఆయన రోజూ కిటికీ దగ్గర కూర్చుని నీ టైములే లెక్కేసుకుంటున్నారే," అంది. పద్మశ్రీ కంచం పట్టుకుని ఆ కిటికీ వైపు చూసింది. జీవితంలో ఎవరి దగ్గరా తగ్గని ముసలాయన తన కోసం తగ్గాడు. ఇక తనదెంత?

ఆదివారం ఆడిటోరియం నిండిపోయింది. రంగుకాగితాలు, డప్పులు, గులాబీపూలు. వేదిక మీద కుర్చీలు చాలక ఇద్దరు నాయకులు ఒకే కుర్చీ కోసం మర్యాదగా తోసుకున్నారు. శశిభూషణ్ మెడలో కండువా వేసుకుని భానుప్రకాశ్ పక్కనే కూర్చున్నాడు. ఆ కండువా ఆయన మెడకు ఇంకా అలవాటు కాక మాటిమాటికీ జారిపోతోంది. ముందు వరసలో వెంకటరమణమ్మ పట్టుకుంటే అచ్యుతరామయ్య కర్ర ఊతంతో వచ్చి కూర్చున్నాడు. ఉపన్యాసాలు మొదలయ్యాయి. ఒకాయన పద్మశ్రీని పరుగుల రాణి అన్నాడు. ఇంకొకాయన సైకిల్ సింహం అన్నాడు. మూడో ఆయన ఏకంగా మాజీ ఒలింపిక్ విజేత అనేశాడు. ఎవరూ సరిదిద్దలేదు. ఈత సంగతి ఎవరికీ గుర్తులేదు.

ఆమె వంతు వచ్చింది. మైకు ముందు నిలబడి, అచ్యుతరామయ్య వైపు చూడకుండా చెప్పింది.

"అందరికీ నమస్కారం. మౌలాలిల నేను నా ఇష్టంతోనే రైలు దిగిన. తెలంగాణ కోసం పందెం ఇడిసిపెట్టిన. భానన్న నన్ను ఆపలే."

హాలు దద్దరిల్లింది. భానుప్రకాశ్ కళ్ళు తుడుచుకున్నాడు, కెమెరా తన వైపు తిరిగిందని చూసుకుని ఇంకోసారి తుడుచుకున్నాడు. శాలువా కప్పారు. ఆమెకు తన ఒళ్ళు తనకే కంపరంగా అనిపించింది. ఛీ, నా బతుకు, అనుకుంది. సరే, అయిపోయింది. మింగాల్సిన విషం మింగేసింది. ఇక పోటీ.

కుర్చీలోకి వచ్చి కూర్చుని పక్కనున్న శశిభూషణ్‌ను మెల్లగా అడిగింది. "సార్, నా ఎంట్రీ పంపిండ్రు గదా?"

ఆయన భానుప్రకాశ్ వైపు వంగాడు. "అధ్యక్షులవారూ, అమ్మాయి ఎంట్రీ పంపారుగా?"

"నేనా? అది సెక్రటరీ పని గదా శశిగారూ! మీరు పంపిండ్రనుకున్న."

"మీ సంతకం లేకుండా నేనెలా పంపుతానండీ? మీరే పంపేశారనుకుని కార్డుల పనిలో పడ్డాను."

"ఆఖరు తారీఖు ఎప్పుడు సార్?" అంది పద్మశ్రీ.

శశిభూషణ్ కండువా సర్దుకున్నాడు. "శుక్రవారం అనుకుంటానమ్మా."

శుక్రవారం వెళ్ళిపోయి రెండు రోజులైంది. నిజానికి సన్మానం గురువారమే పెట్టాల్సింది. ఆ రోజు మంచిది కాదని, పెద్ద నాయకుడికి ఆదివారమైతేనే తీరికని, ఇద్దరూ కూడబలుక్కుని ముహూర్తం మార్చారు. వేదిక, కార్డులు, పూలదండలు, టీవీవాళ్ళు, భోజనాలు, అన్నీ చూసుకున్నారు. పోటీకి పేరు పంపాలన్నది ఇద్దరిలో ఒక్కడికీ తోచలేదు.

"పరేషాన్ కాకు చెల్లె," అన్నాడు భానుప్రకాశ్ చెవిలో. "వచ్చే ఏడు ఇంతకన్న పెద్దగ చేద్దాం."

"ఏంది అన్నా? పందెమా?"

"సన్మానం."

పద్మశ్రీ అతని మొహంలోకి చూసింది. వేళాకోళం ఆడటం లేదు. నిజంగానే ఓదారుస్తున్నాడు. వాడి బుర్రలో ఛాంపియన్ అంటే శాలువా కప్పడానికి దేవుడిచ్చిన రెండు భుజాలు, అంతే. రైలు ఆపినప్పుడు కూడా వీళ్ళు తన మీద పగబట్టి ఆపలేదు. విమానం ఎక్కినవాడూ పగబట్టి ఎక్కలేదు. తన పందెం వాళ్ళకు ఎప్పుడూ కంటికే ఆనలేదు. మూడేళ్ళుగా తాను కుమిలిపోయింది వీళ్ళ కుట్రకు కాదు, వీళ్ళ మతిమరుపుకు. అది తెలిసేసరికి ఆమెకు ఒళ్ళంతా మండిపోయింది.

పెద్ద నాయకుడు మాట్లాడుతున్నాడు. కొత్త రాష్ట్రంలో క్రీడలకు స్వర్ణయుగం అంటున్నాడు. పద్మశ్రీ లేచి వెళ్ళి మైకు పట్టుకుంది. ఆయన పూలదండ ఇవ్వడానికి వచ్చిందనుకుని మెడ ముందుకు చాచాడు.

"నేను ఇందాక అబద్ధం చెప్పిన," అంది ఆమె.

హాల్లో గుసగుసలు ఆగాయి.

"రైలు నా ఇష్టంతో దిగలే. ఈ అన్న కాళ్ళు పట్టుకున్న. తిని పో అన్నడు. ఈ సారు విమానమెక్కి పోయి నా పేరు కొట్టేసిండు. ఇందాక ఆ అబద్ధం ఎందుకు చెప్పిన్నంటే, చెప్తే నా పేరు పంపుతమన్నరు. పంపలే. మరిసిపోయిండ్రట! పేరు పంపే తారీఖు మొన్ననే పోయింది. ఇగ నాకు పందెం లేదు. మీరు చప్పట్లు కొట్టింది దానికే."

భానుప్రకాశ్ లేచాడు. "చెల్లె ఆవేశంల ఉన్నది..."

"కూసో అన్నా! ఆ రోజు నువ్వు కూసోమంటే నేను కూసున్న. ఇయ్యాల నువ్వు కూసో." ఆమె ఆగలేదు. "మూడేండ్ల కింద నా పందెం పోతే, ఆంధ్రోళ్ళ చేతుల రాజ్యముంటే గిట్లనే ఉంటది, మన రాష్ట్రం వస్తే అన్నీ అయితయ్ అన్నరు. నేను నమ్మిన. నా కంటే చిన్నోళ్ళు నమ్మి పానాలు తీసుకున్నరు. ఇయ్యాల అధ్యక్షుడు మనోడే. పక్కన ఆంధ్రా సారును కూసోబెట్టుకున్నది మనోడే. రాష్ట్రం మనదే. మల్ల నా పందెం పోయింది. ఇప్పుడు ఎవల మీద చెప్తరు?"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పెద్ద నాయకుడు చాచిన మెడ వెనక్కి తీసుకున్నాడు. శశిభూషణ్ కండువా తీసి జేబులో కుక్కుకున్నాడు. ముందు వరసలో అచ్యుతరామయ్య కర్ర నేలకానించి, భార్య చెయ్యి వదిలించుకుని, తనంతట తాను లేచి నిలబడ్డాడు. వెనక బెంచీల్లోంచి ఎవరో కుర్రవాడు అడిగాడు.

"చెప్పుండ్రి అన్నా. అక్క అడుగుతున్నది గదా, చెప్పుండ్రి."

ఇంకో మూల నుంచి ఇంకో గొంతు లేచింది. తర్వాత ఒక వరస, ఆ తర్వాత హాలంతా. నినాదం కాదది, డప్పుల్లేవు. మామూలుగా, ఇంట్లో తప్పు చేసినవాణ్ణి నిలబెట్టి అడిగినట్టే అడుగుతున్నారు. భానుప్రకాశ్ ముందున్న నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. తాగడానికి నోరు తెరిచాడు గానీ, చెప్పడానికి తెరవలేదు.